జన్వాడ చిలుక, కన్యక గారి పంక్తి

కుర్మయ్య, జంతు సంరక్షకుడు

1994 జూలై 11, సోమవారం. ఆ ఉదయం వికారాబాద్ దిక్కు నుంచి నల్లని మబ్బు ఒకటి లేచి, చేవెళ్ల దాటి, మన జంతు శరణాలయం మీదికి వచ్చి, కురవక, కదలక నిలబడిపోయింది. గాలి లేదు. పొద్దు ఎక్కినా వెలుతురు పెరగకపోవడంతో చిలుకలు అరుపు మానేసి, రెక్కలు దగ్గరకు తీసుకొని కూర్చున్నాయి. అటువంటి ఉదయాన, చంకలో గొడుగుతో, చేతిలో స్టీలు టిఫినుతో, రోడ్డు మీద బస్సు దిగి మట్టిబాట వెంట నడిచి వచ్చిన శ్రీమతి కన్యక గారు మన సంస్థలో సామాన్ల గది బాధ్యతలను స్వీకరించారు.

ఆనాటికి శరణాలయమంటే ఇప్పుడు సందర్శకులు చూస్తున్న ఈ విశాలమైన ప్రాంగణం కాదు. పశువైద్యులు, కీర్తిశేషులు డాక్టర్ మహేశ్వర్ గారు ప్రభుత్వ కొలువును విడిచిపెట్టి, మొయినాబాద్‌కూ చేవెళ్లకూ నడుమ ఉన్న తమ రాళ్ల భూమిలో వేసిన రెండు రేకుల షెడ్లు, వాటి చుట్టూ ముళ్లకంప. కోతులాడించేవారి తాళ్ల నుంచి విడిపించిన కోతులు, జోస్యం చెప్పే పంజరాల నుంచి వచ్చిన రామచిలుకలు, మూతపడిన సర్కసువారు వదిలి వెళ్లిన ఒక ముసలి ఒంటె, ఒక కొండచిలువ, రెక్కలు విరిగిన కొన్ని గద్దలు. పనివాళ్లం ముగ్గురం. నేను అప్పటికే కోతుల దగ్గర పనిలో ఉన్నాను కనుక, ఆ మొదటి రోజు సంభాషణను నా చెవులతోనే విన్నాను.

"భయమైతదా అమ్మా?" అని డాక్టరు గారు అడిగారు.

"కుక్కలంటె భయం సార్. మిగతాయి ఇంక చూడలేదు," అని ఆమె జవాబిచ్చారు.

డాక్టరు గారు నవ్వి, తాళాల గుత్తి ఆమె చేతికి ఇచ్చారు. నియామక పరీక్ష అంతటితో ముగిసింది.

కన్యక గారిది చేవెళ్ల బజారులో తరతరాలుగా కిరాణా దుకాణం నడుపుతున్న కుటుంబం. అత్తవారింట గానీ పుట్టింట గానీ గుడ్డు సైతం గడప దాటి లోపలికి రాదు. అటువంటి ఇంటి కోడలు, కొండచిలువకూ గద్దలకూ మాంసం తెప్పించవలసిన కొలువులో చేరడం ఆ రోజుల్లో బజారంతా చెప్పుకున్న వింత. చేరిన వారం లోపే మాంసం తెచ్చే మనిషికి జ్వరం వచ్చింది. వేరే ఎవరినీ పంపకుండా ఆమే సంచి పట్టుకొని మొయినాబాద్‌లో జానీ కోళ్ల దుకాణానికి వెళ్లారు. తోడుగా నేను వెంట ఉన్నాను.

జానీ ఆమెను గుర్తుపట్టాడు. "అమ్మా, మీరు శావుకారోళ్లు గద. తొవ్వ తప్పి వచ్చిన్రా?"

"తప్పలే. జర మంచి కోళ్లు జూసి ఇయ్యి. ముక్కలు కొట్టకు."

"ఇంటికి సుట్టాలొచ్చిన్రా?"

"వచ్చిన్రు. ఒకాయన మింగుతడు గని నమలడు."

"ఎవరమ్మా గాయన?"

"కొండచిలువ."

జానీ కత్తి కింద పెట్టి, ఆమెను ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. ఆ రోజు నుంచి ఆ దుకాణం మూసే రోజు వరకు మన శరణాలయానికి నిలవ మాంసం ఒక్కసారి కూడా రాలేదు. మొదటి దినం కన్యక గారు ఆ సంచిని చేయి బారుగా చాచి, ఒంటికి ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా పట్టుకొని తెచ్చారు. నెల తిరిగేసరికి చేయి వంగింది. ఏడాది తిరిగేసరికి కూరగాయల సంచినీ ఆ సంచినీ ఒకే చేతిలో పట్టుకోవడం చూశాను. ఇంటికి వెళ్లగానే స్నానం చేసి గాని వంటింట్లోకి అడుగుపెట్టరని వారి భర్త వేణుమాధవ్ గారు చెప్పగా విన్నాను. తన ఆచారాన్ని ఆమె విడువలేదు. తన ఆచారం కోసం ఏ ప్రాణినీ ఆకలితో ఉంచలేదు. ఈ రెండింటినీ ఇన్నేళ్లు కలిపి మోయడం ఎంత బరువో మోసిన వారికే తెలుస్తుంది.

శరణాలయానికి ఆమె ఇచ్చిన మొదటి కట్టడి ఒంటె వల్ల వచ్చింది. ముసలి ఒంటెను చూసుకునే సాముయేలు ఒక ఎండకాలం కూతురి కాన్పుకని జహీరాబాద్ వెళ్లాడు. ఒంటె గేటు వైపు మెడ చాచి నిలబడింది. మేత ముట్టలేదు, తొట్టిలో మూతి పెట్టలేదు. మేము బెల్లం చూపినా చూడలేదు. మోకాళ్ల మీద కూలబడిన తరువాత, డాక్టరు గారు జీపు పంపి సాముయేలును వెనక్కి రప్పించారు. అతని గొంతు గేటు దగ్గర వినబడగానే ఒంటె లేచి నీళ్లు తాగింది. మేమందరం ఎంత ప్రేమ, ఎంత ప్రేమ అని మురిసిపోయాం. మురవనిది కన్యక గారు ఒక్కరే.

మరునాటి నుంచి పాళీ మార్పు మొదలైంది. ఒంటె దగ్గర ఉన్నవారు కోతుల దగ్గరికి, కోతుల దగ్గర ఉన్నవారు పక్షుల దగ్గరికి, పక్షులవారు ఒంటె దగ్గరికి. పక్షానికి ఒకసారి అందరూ మారాలి. సాముయేలుకు కోపం వచ్చింది.

"నా ఒంటెను ఇంకొకడు ముట్టుడు నాకు పడది మేడం."

"అది నీ ఒంటె కాదు సాముయేలూ. నువ్వే దాని మనిషివైనవ్. తప్పు గాడ జరిగింది."

"ప్రేమ జేసుడు గూడ తప్పేనా?"

"నువ్వు ఊరికి పోతె అది సావాల్నా? గట్లాంటి ప్రేమ మన తాన వద్దు. జంతువు మనల్ని ఎరుగాలె గని, మనలో ఒక్కల్నే ఎరుగొద్దు."

సాముయేలు గొణుగుతూనే కోతుల షెడ్డుకు వెళ్లాడు. ఒంటె అలిగింది, నా మీద ఉమ్మింది, మూడవ పాళీ నాటికి ఎవరు వేసినా తిన్నది. ఆ తరువాత అది బతికిన ఏళ్లన్నీ ఎవరి కోసమూ గేటు వైపు చూడలేదు. ఇతర ప్రాంతాల నుంచి మన పనితీరును చూడవచ్చేవారు నేడు మొట్టమొదట అడిగి తెలుసుకునేది ఈ పాళీ మార్పు గురించే అని సగర్వంగా మనవి చేస్తున్నాను.

2001లో పర్యవేక్షకురాలిగా, 2009లో డాక్టరు గారి అస్తమయానంతరం నిర్వాహకురాలిగా కన్యక గారు బాధ్యతలు చేపట్టారు. డాక్టరు గారు పోయిన నెలలో, శరణాలయం మూతపడుతుందని, భూమి లేఅవుట్ అవుతుందని రోడ్డు పొడవునా మాట నడిచింది. ఆ నెలలోనే కన్యక గారు కొత్త నీటి తొట్లు కట్టించారు. తొట్లు కట్టేవారు వెళ్లిపోయేవారు కారని ఊరికి అర్థమైంది.

ఆ సంవత్సరాల్లోనే నగరం మన గేటు దాకా నడిచి వచ్చింది. గండిపేట చుట్టూ గోడల నడుమ ఇళ్లు లేచాయి. మోకిలలో చేలు ప్లాట్లయ్యాయి. జన్వాడలో ఫామ్‌హౌస్‌లు వెలిశాయి. వాటితో పాటు మన వద్దకు వచ్చే ప్రాణుల తీరు కూడా మారింది. ఒకప్పుడు మనిషి పేదరికం అలసగొట్టిన ప్రాణులు వచ్చేవి. తరువాత మనిషి సంపద విసిగి వదిలేసిన ప్రాణులు రాసాగాయి. పెరిగి పెద్దదైన ఇగ్వానా బల్లి, తోట అంతా తవ్వేసిన ఆఫ్రికా తాబేలు, పిల్లలకు ముద్దు తీరిన మార్మోసెట్ కోతి. యజమానులు కారు ఇంజను ఆపకుండానే అప్పగించి, దాని ముద్దుపేరు చెప్పి వెళ్లేవారు. ఆ ముద్దుపేరును కన్యక గారు గేటు దగ్గరే వదిలేయించేవారు. "పిలిచినోళ్లే ఇడిచిపెట్టిపోయిన్రు. ఆ పేరు మళ్ల వింటె దానికి ఏం గుర్తుకొస్తదో మనకేం ఎరుక," అనేవారు. అందువల్ల మన దగ్గర ఏ ప్రాణినైనా అది వచ్చిన ఊరి పేరుతోనే పిలుస్తాం. మోకిల పొద్దున తిన్నదా, గండిపేటకు స్నానం అయిందా అని మేము మాట్లాడుకుంటుంటే కొత్తగా వచ్చిన సందర్శకులు బిత్తరపోవడం కద్దు.

ఈము పక్షుల సంవత్సరాన్ని ప్రస్తావించకుండా ఈ వ్యాసం సంపూర్ణం కాదు. ఈములను పెంచే వ్యాపారం పడిపోయి, పెంచినవారు మేపలేక దొడ్ల తలుపులు తీసి వదిలేసిన రోజులవి. ఒక పొద్దున చేవెళ్ల రోడ్డు మీద బస్సులకు ఎదురుగా ఈములు పరుగెత్తుతున్నాయని కబురు వచ్చింది. కన్యక గారు ఇంట్లో ఉన్న పాత చొక్కాలన్నింటినీ సంచిలో వేసుకొని వచ్చారు. చొక్కా చేయి కత్తిరించి తలకు తొడిగితే, కళ్లకు చీకటి పడి ఆ పక్షి శాంతిస్తుంది. ఆ పక్షులు పూల తోటలోకి దూరాయి. తోట రైతు కట్టె పట్టుకొని వచ్చాడు.

"అమ్మా, మీ కోళ్లు నా చేమంతి అంత తొక్కినయ్!"

"మావి గావు బాపు. ఇప్పటికైతె ఎవ్వరివి గావు. పట్టుకున్నంక మావి."

"పట్టుకుంటరా? ఆ కాళ్లు జూసిన్రా?"

"జూసిన. అందుకే నిన్ను గూడ పిలుస్తున్న. కట్టె ఆడ పెట్టి ఈ చొక్కా చేయి అందుకో."

ఆ రైతు కట్టె పెట్టేశాడు. మధ్యాహ్నానికి అతనే ఒక ఈమును చంకన అదుముకొని మన వాహనం ఎక్కించాడు. తొక్కిన మడుల్లో మళ్లీ నారు వేయడానికి మన పనివాళ్లందరినీ ఆమె మరుసటి ఆదివారం పంపించారు. తామూ వచ్చి నాటారు. వేణుమాధవ్ గారు ఆ ఏడాదంతా పొట్టి చేతుల చొక్కాలే తొడుక్కోవడం మాకందరికీ తెలిసిందే. "ఎండకాలం గద, మంచిదే అయింది," అని వారు అన్నారు గాని, చలికాలంలోనూ అవే.

ఇక, కన్యక గారి సేవాకాలంలో ఆమెకు అన్నింటికంటె పెద్ద పరీక్ష పెట్టిన ప్రాణి గురించి చెప్పాలి. అది ఏనుగు కాదు, ఒంటె కాదు. ఒక చిలుక.

నీలం వీపు, పసుపు రొమ్ము, మోచేయి పొడవు తోక గల మకావ్ జాతి చిలుక అది. మన రామచిలుకను పక్కన పెడితే మనవరాలిలా కనబడుతుంది. సముద్రాల అవతలి అడవుల జాతి. జన్వాడలోని ఒక ఫామ్‌హౌస్‌లో వరండా గొలుసుకు పెరిగి, ఇల్లు అమ్ముడుపోగానే మన వద్దకు వచ్చింది. అందుకే దాని పేరు జన్వాడ. దానికి మాటలు రావు. కారు వెనక్కి వచ్చేటప్పుడు మోగే పాట ఒక్కటే వచ్చు. మొదటి వారమంతా అది ఆ పాట పాడినప్పుడల్లా మేత బండి తోసేవారు భయపడి పక్కకు దూకారు. కొత్తలో అందరి చేతా తిన్నది, అందరి వేళ్లూ కొరికింది. పాళీ మార్పుకు ఎదురు చెప్పలేదు.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. ఊళ్ల పొలిమేరల్లో కంచెలు వేశారు. పనివాళ్లలో చాలామంది ఇళ్లలో చిక్కుకుపోయారు. ఎట్లో వచ్చి చేరిన ఇద్దరు ముగ్గురం పెద్ద జంతువులకే చాలలేదు. కన్యక గారు సామాన్ల గదిలో మంచం వేసుకొని ఇక్కడే ఉండిపోయారు, పక్షులన్నింటినీ తామే చూసుకున్నారు. పాళీ మార్చడానికి మనుషులు లేరు. మధ్యాహ్నం పూట తమ అన్నం గిన్నె తెచ్చుకొని జన్వాడ జాలీ ముందు కూర్చొని తినేవారు. ఆమె తిన్నంతసేపూ అదీ తినేది. ఆమె ముద్ద ఎత్తితే అది కాయ ఎత్తేది. ఎవరితోనూ మాట్లాడలేని ఆ దినాలలో, ఆమెకు ఆ తోడు అవసరమైంది. పక్షికీ అవసరమైంది. తప్పు పట్టడానికి అక్కడ ఏమీ లేదు. కాని ఆ నెలలు గడిచేసరికి, ఒంటె దగ్గర సాముయేలుకు జరిగినదే ఆమెకూ జరిగింది.

కంచెలు తీశారు, అందరూ తిరిగి వచ్చారు, పాళీ మళ్లీ మొదలైంది. అన్ని ప్రాణులూ పాత అలవాటులో పడ్డాయి. జన్వాడ పడలేదు. ఆమె ముందు కూర్చొని తింటేనే తింటుంది. లేకుంటే గిన్నె తిరగేసి, రొమ్ము మీది ఈకలను తన ముక్కుతో తానే పీక్కుంటుంది. ఆమె చుట్టాల పెళ్లికని ఒక్క రెండు రోజులు కరీంనగర్ వెళ్లి వస్తే, రొమ్ము మీద బొప్పాయి గింజంత చర్మం కనబడింది. మరోసారి వెళ్లి వస్తే అరచేయంత కనబడింది. నిద్రపోయే కొమ్మ కింద పసుపు ఈకలు ఊడ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆ సంవత్సరాలలో కన్యక గారు ఏ శుభకార్యానికీ రాత్రి నిలవలేదు.

పక్షుల సంరక్షకురాలు రమ ఒక ఉపాయం ఆలోచించింది. కన్యక గారి ముదురాకుపచ్చ చీర ఒకటి అడిగి కట్టుకొని, వారి కళ్లద్దాలు పెట్టుకొని, అదే గిన్నెతో జాలీ ముందు కూర్చుంది. మేము షెడ్డు చాటు నుంచి చూశాం. జన్వాడ తల ఒక పక్కకు వంచి చూసింది, మరో పక్కకు వంచి చూసింది. తరువాత వీపు తిప్పి, వెనక్కి వచ్చే కారు పాట మొదలుపెట్టింది.

"పక్కకు జరుగుమంటున్నది అక్కా," అని రమ కళ్లద్దాలు తీసింది. "నాకేమో నీ అద్దాలతోని కండ్లు తిరుగుతున్నయ్."

"చీర మంచిగ కుదిరింది నీకు. ఉంచుకో," అన్నారు కన్యక గారు. అందరితో పాటు నవ్వారు. నవ్వు ఆగిన తరువాత కూడా ఆమె జాలీ వైపే చూస్తూ ఉండడం నేను గమనించాను.

అరవై నిండిన వారు ఏప్రిల్ నెలాఖరున విశ్రాంతి తీసుకోవాలన్నది ట్రస్టు నియమం. ఈ నియమాన్ని రాయించినదీ ఆమే. కొత్త నిర్వాహకులుగా ఎంపికైన శ్రవణ్ గారు మనసున్న మనిషి. పోయిన దసరా తరువాత ఒకనాడు ఆమెతో ఇలా అన్నారు:

"మేడం, ఫికర్ చేయకండి. జన్వాడను మీ ఇంటికే పంపిద్దాం. మంచి కేజ్ చేయిస్త. పర్మిషన్ సంగతి నేను చూసుకుంట."

కన్యక గారు ఆయనను కూర్చోమన్నారు. "శ్రవణ్ సార్, అది యాడికెళ్లి వచ్చింది?"

"జన్వాడ ఫామ్‌హౌస్ నుంచి."

"ఇంటికెళ్లి వచ్చింది. మళ్ల ఇంటికేనా? నాకు అరవై. దానికి ఇంక ముప్పై ఏండ్ల ఆయువున్నది. నేను పోయినంక మా బిడ్డ స్వప్నిక వరండాల కట్టేస్తదా? ఆ గొలుసు ఇప్పినందుకే గద నేను జీతం తీసుకున్న."

"మరెట్ల మేడం? మీరు లేకుంటె అది తినది."

"తింటది. తినకుంటె నేను పోను. నేను పోకుంటె నా వీడ్కోలుకు మీరు ఏసే సావనీర్ వట్టిదైతది," అని ఆమె లేచారు.

మరునాడు ఆమె కొత్త కట్టడి చెప్పారు. ఇక మీదట ఎవరూ మధ్యాహ్న భోజనం మేత గదిలో చేయరాదు. అందరూ జన్వాడ జాలీ ముందు వరుసగా కూర్చొని తినాలి. అడవిలో ఆ జాతి ఒంటరిగా తినదని, గుంపుగా వాలి, గుంపుగా తిని, గుంపుగా లేస్తుందని ఆమె డాక్టరు గారి పుస్తకాలలో ఏనాడో చదివి ఉన్నారు. "దానికి కావాల్సింది నేను గాదు. పంక్తి. లాక్‌డౌన్ల ఆ పంక్తిల నేనొక్కదాన్నే దొరికిన," అన్నారు.

రమ ఒప్పుకోలేదు. "గాడ ఎండ గొడుతది అక్కా. అన్నంల దుమ్ము పడ్తది."

"తడక కడ్దాం."

"జన్వాడ మీదికెళ్లి రెట్టేస్తె?"

"గిన్నెకు మూత పెట్టుకో."

తడక కట్టాం. చాపలు పరిచాం. పంక్తిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో పాళీలాగే దినదినమూ మారేది. తొలుత కన్యక గారు నడిమిన కూర్చున్నారు. పక్షి ఆమెకు ఎదురుగా ఉన్న కొమ్మ మీదికి జరిగి తిన్నది. వారం వారం ఆమె ఒక మనిషి పక్కకు జరిగారు. ఆమె జరిగినప్పుడల్లా అదీ కొమ్మ మీద జరిగేది. ఒక దశలో తొందరపడి చివరికి వెళ్లి కూర్చుంటే గిన్నె తిరగేసింది. ఆమె మళ్లీ నడిమికి వచ్చి మొదటి నుంచి మొదలుపెట్టారు. ఉగాది నాటికి ఆమె పంక్తి చివర ఉన్నారు. పక్షి నడిమిన రమ ఎదురుగా కూర్చొని తినసాగింది. అయితే ఒక కాయ తిని ఒకసారి చివరికి చూసేది. ఆమె ఉన్నారని చూసుకొని రెండవ కాయ ఎత్తేది. రొమ్ము మీద పసుపు నూగు మొలిచింది. కాని ఆమె లేని పంక్తిలో అది ఎన్నడూ తినలేదు.

ఇంతటి ఓర్పును, ఇంతటి కఠినమైన ప్రేమను నేను వేరే ఎక్కడా చూడలేదు. ఒక ప్రాణి మనలను ఇష్టపడేలా చేసుకోవడం కష్టమైన పని కాదు. మేత పట్టుకొని నిలబడ్డ ఎవరికైనా అది దక్కుతుంది. తనను ప్రాణంగా చూసుకునే జీవికి తన అవసరం లేకుండా చేయడానికి, తన చోటును తానే రోజురోజుకూ పక్కకు జరుపుకోవడానికి, నా అభిప్రాయంలో, గొప్ప గుండె ఉండాలి. మన శరణాలయంలో ఈనాడు ఏ తలుపు తీసినా, ఏ తొట్టి చూసినా, ఏ పని ఎవరు చేసినా ఆమె కట్టడి అందులో ఉంది. ఆమె సెలవు పెట్టిన నాడు కూడా ఇక్కడి పని ఆగలేదు. అది ఆమె మనకు సంపాదించి పెట్టిన గౌరవం. ఆమె చేతి కింద పని చేశామని మా పిల్లలకు చెప్పుకోగలగడం మాకు దక్కిన గౌరవం.

శ్రీమతి కన్యక గారికి సంపూర్ణ ఆరోగ్యం, నిండు ఆయుష్షు కలగాలని, వేణుమాధవ్ గారికి ఇక మీదట పొడుగు చేతుల చొక్కాలు దక్కాలని, ఇన్నేళ్లు వెళ్లలేకపోయిన పెళ్లిళ్లకూ, ఊళ్లకూ, తీర్థాలకూ ఆమె తీరికగా వెళ్లి, ఎక్కడ నచ్చితే అక్కడ రాత్రి నిలిచి రావాలని సహోద్యోగులందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను. ఆ దంపతులు మునిమనవల చేతులు పట్టుకొని మన గేటు లోపలికి సందర్శకులుగా రావాలి. వచ్చినప్పుడు ఏ ప్రాణీ ఆమెను ప్రత్యేకంగా గుర్తుపట్టకూడదని ఆమె కోరిక. అంతవరకు మాత్రం నేను హామీ ఇవ్వలేను.

ఈ ప్రతిని ముద్రణకు ఇవ్వవలసిన గడువు మొన్న బుధవారం. ఆ మధ్యాహ్నం కన్యక గారు పంక్తికి రాలేదు. ముందుగా మాకు చెప్పే రాలేదు. మేత గది గోడ చాటున, జాలీ నుంచి కనబడని చోట, పీట వేసుకొని తమ గిన్నెతో కూర్చున్నారు. నాకు ఆనాడు పంక్తి కొస దక్కింది. అటు చూస్తే ఆమె, ఇటు చూస్తే జన్వాడ కనబడతారు. రమ పెంకు బాదం కాయలు గిన్నెలో వేసి, వచ్చి నడిమిన కూర్చుంది. శ్రవణ్ గారు కూడా చాప మీద కూర్చున్నారు. మామిడికాయ పప్పు, అన్నం, పచ్చిమిరప తొక్కు. వడ్డించిన వారు వడ్డించి కూర్చున్నారు. పక్షి నడిమి కొమ్మ మీదికి దిగి, పంక్తిని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. రోజూ ఆమె కూర్చునే కొస దగ్గర ఆగింది. మళ్లీ మొదటి నుంచి చూసింది.

మేము తింటున్నాం. గోడ చాటున కన్యక గారు ముద్ద కలిపి చేతిలో పట్టుకొని ఉన్నారు. అది నోటి దాకా పోలేదు, గిన్నెలోకి తిరిగి పోలేదు. ఆమె కళ్లు గోడ మీద ఉన్నాయి. పక్షి ఒక కాలు ఎత్తి, దించి, గిన్నె అంచు మీదికి నడిచింది. దాన్ని తిరగేస్తుందని రమ భుజాలు బిగించింది. తల మాత్రం ఎత్తలేదు.

పెంకు పగిలిన చప్పుడు వినబడింది.

నేను గోడ వైపు చూశాను. ఆమె ఇంకా కదలలేదు. కొంతసేపటికి రెండవ పెంకు పగిలింది. అప్పుడు కన్యక గారు చేతిలోని ముద్దను నోట్లో పెట్టుకొని, మెల్లగా నమిలారు. మరో ముద్ద కలిపారు. రమ శ్రవణ్ గారి వైపు పప్పు గిన్నె జరిపింది, ఆయన వడ్డించుకొని నా వైపు జరిపారు. గోడకు అవతల ఆమె, ఇవతల మేము, జాలీ లోపల జన్వాడ, ఎవరి పళ్లెం వారు ఖాళీ చేసేదాకా తిన్నాం.